ఇద్దరూ స్మాషర్లే అయితే నెట్ దగ్గరెవరు?

ఒరేయ్ చిన్నోడా, 2024 పారిస్ ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మనవాళ్లు ఓడిన దగ్గర్నుంచీ నీది ఒకటే మాట. కోచ్ తప్పు, ప్లాన్ తప్పు, అసలు జోడీయే మార్చేసి ఉండాల్సింది అని. కోపం రావడం న్యాయమే, నాకూ వచ్చింది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టి క్వార్టర్ ఫైనల్లో మొదటి గేము 21-13తో గెలిచి, తరవాతి రెండూ 14-21, 16-21తో పోగొట్టుకుంటే గోదారి వాడెవడికి బాధ ఉండదు చెప్పు? కానీ కోచ్ తీసుకున్న నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చాలంటే ఆ ఒక్క సాయంత్రం స్కోరు చాలదు. కాయితం, పెన్సిలు పట్రా. లెక్కలు వేసి చూద్దాం.

2016లో మన డబుల్స్ కోచ్ మలేసియా ఆయన టాన్ కిమ్ హర్. హైదరాబాద్ గోపీచంద్ అకాడమీలో ఉన్న సాత్విక్‌కి అప్పటికి పదహారేళ్లు అటూఇటూ. చిరాగ్ అతనికన్నా మూడేళ్లు పెద్ద. ఇద్దరికీ వేరే వేరే జోడీలున్నాయి. ఒకరిది తెలుగు, ఇంకొకరికి తెలుగు రాదు. అన్నిటికన్నా చిక్కేవిటంటే ఇద్దరూ వెనక నిలబడి గట్టిగా కొట్టేవాళ్లే. డబుల్స్‌లో మామూలుగా ఒకడు వెనక నుంచి స్మాష్ కొడితే, ఇంకొకడు నెట్ దగ్గర కాచుకుని, తిరిగొచ్చిన షటిల్ కాక్‌ని అక్కడే తుంచేస్తాడు. ఇద్దరు వెనకవాళ్లని కలిపితే నెట్ దగ్గర ఎవరుంటారు? నువ్వు అప్పుడుండి ఉంటే తప్పకుండా ఆయన్నీ తిట్టేవాడివే. ఆయన మాత్రం కలిపేశాడు.

ఎందుకు కలిపాడో నాకు తోచిన లెక్క ఇది. సాత్విక్, చిరాగ్ ఇద్దరూ ఆరడుగులు దాటినవాళ్లు. నెట్ ఎత్తు మధ్యలో సరిగ్గా ఐదడుగులు. నెట్‌కి పదమూడు అడుగుల వెనక నించుని, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తులో కాక్‌ని కొట్టావనుకో. అది నెట్ అంచుని రాసుకుంటూ గీత గీసినట్టు సూటిగా వెళ్తే, అవతల పక్క దాదాపు పద్దెనిమిదిన్నర అడుగుల దూరంలో నేలని తాకుతుంది. అదే పదడుగుల ఎత్తులో కొట్టావనుకో, పదమూడు అడుగులకే దిగిపోతుంది. ఎనిమిదో తరగతిలో నువ్వు చదివిన సరూప త్రిభుజాలే ఇవి. ఒకటిన్నర అడుగు ఎత్తు పెరిగితే కాక్ ఐదున్నర అడుగులు ముందే నేలకి వంగుతోంది. అవతలివాడి కోర్టు సగం పొడవు ఇరవై రెండడుగులే కదా! పొట్టి ఆటగాడి స్మాష్ ఛాతీ మీదికొస్తే, పొడుగువాడి స్మాష్ మోకాళ్ల దగ్గరికి దూసుకొస్తుంది. మోకాళ్ల దగ్గర్నుంచి కాక్‌ని ఎత్తి ఇవ్వడం తప్ప ఎదురు కొట్టడం ఎంత కష్టమో ఆడిన నీకే తెలుసు. నెట్ దగ్గర ఆడ్డం నేర్పొచ్చు. ఎత్తు మాత్రం ఏ కోచూ నేర్పలేడు.

ఇక వేగం. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్‌లో సాత్విక్ కొట్టిన స్మాష్ గంటకి 565 కిలోమీటర్లు. గిన్నిస్ వాళ్లు రికార్డు కింద రాసుకున్నారు. అంతకుముందు రికార్డు 2013లో మలేసియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్‌ది, 493. ఈ అంకె చూసి నువ్వు మురిసిపోయావు, నేనూ మురిసిపోయాను. అయితే అది రాకెట్ మీంచి బయల్దేరిన క్షణంలో వేగం. ఆ తరవాత కాక్‌కి ఏమవుతుందో చూడు.

కాక్ బరువు ఐదు గ్రాములు అటూఇటూ, అంతే. కార్కు బుడిపెకి పదహారు ఈకలు. వాటిని గొడుగులా విచ్చుకునేట్టు గుచ్చడంతో అవి గాలిని విపరీతంగా అడ్డుకుంటాయి. మన పంటకాలవలో మొలలోతు నీళ్లలో నెమ్మదిగా నడిస్తే నీళ్లు దారిస్తాయి, పరిగెత్తబోతే వెనక్కి తోస్తాయి చూడు, గాలీ కాక్‌ని అలాగే పట్టుకుంటుంది. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలవుతుంది. కాక్‌ని ఎంత ఎత్తునుంచి వదిలినా గంటకి పాతిక కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఆపైన వేగం పెరగదు. దీన్నిబట్టి లెక్కేస్తే గట్టిగా కొట్టిన కాక్ వేగం సుమారు పది, పదకొండు అడుగులకోసారి సగానికి పడిపోతుంది. 565 కాస్తా పదకొండు అడుగులకి 280, ఇరవై రెండడుగులకి 140, ముప్పై మూడడుగులకి 70. మన ఆర్టీసీ బస్సు వేగం!

అంటే అంత భీకరమైన స్మాష్ కూడా అవతలివాడి దగ్గరికి చేరేసరికి మెత్తబడుతుంది. ముప్పై మూడడుగులు దాటడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. మ్యాచ్‌లో నాలుగొందల వేగంతో కొడితే సెకనులో మూడో వంతుకి కాస్త తక్కువ. కంటితో చూసి చెయ్యి కదపడానికి మనిషికి సెకనులో ఐదో వంతైనా కావాలి. కనక మంచి ఆటగాడు కాక్ బయల్దేరాక చూసి ఆడడు, కొట్టేవాడి భుజం చూసి ముందే రాకెట్ అడ్డం పెట్టేస్తాడు. కాక్ తిరిగొస్తుంది, చాలాసార్లు నెట్ మీంచి మెల్లగా, పొట్టిగా వస్తుంది. అప్పుడు నెట్ దగ్గర మనిషి లేకపోతే 565 కొట్టినా పాయింటు రాదు. అందుకే నెట్ దగ్గరెవరన్న ఇందాకటి ప్రశ్న అంత పెద్దదయింది.

దానికి జవాబు ఆటలోనే దొరికింది. ఇద్దరూ రెండు పనులూ నేర్చుకోవడం! ఎవరు స్మాష్ కొట్టినా రెండోవాడు ముందుకి దూకుతాడు. మామూలు జోడీ మీద ప్రత్యర్థులు వేసే ఎత్తు ఏవిటంటే, వెనకవాణ్ని ముందుకి లాగడం, ముందువాణ్ని వెనక్కి తొయ్యడం. అలా తారుమారు చేస్తే వాళ్ల బలం సగమైపోతుంది. ఈ జోడీ మీద ఆ ఎత్తు పారదు. ఎవర్ని వెనక్కి తోసినా అక్కడ మళ్లీ ఆరడుగుల స్మాషరే ఉంటాడు. కోచ్ దూరం చూశాడని నేననేది ఇందుకే. కాకపోతే ఇలాంటిది పండడానికి ఏళ్లు పడుతుంది. ముదిరిన అలవాటు మార్చుకునేటప్పుడు ఆట ముందు కిందికి దిగి, తరవాత పైకి లేస్తుంది. ఆ దిగే రోజుల్లో అభిమానులు ఊరుకోరు.

పైగా మధ్యలో రూలు మారింది. 2018లో సర్వీసు చేసేటప్పుడు కాక్ నేలనుంచి 1.15 మీటర్ల కన్నా కిందుండాలన్నారు, అంటే మూడడుగుల తొమ్మిదంగుళాలు. అంతకుముందు ఎవరి చివరి పక్కటెముక వాళ్లకి హద్దు. పొడుగువాడి పక్కటెముక పైనుంటుంది కాబట్టి అతనికి వెసులుబాటుండేది, ఆ వెసులుబాటు పోయింది. కాక్ ఇప్పుడు ఇంకా కిందనుంచి పైకి లేచి నెట్ దాటాలి. లేచే కాక్ అంటే అవతలివాడికి పండగ. కోచ్ పనిలో ఇలాంటివి బోలెడు. రాజమండ్రి ఎండల్లో గాలి పల్చబడి కాక్ దూరం పోతుంది కనక నిదానం రకం కాక్ తియ్యాలి, చలిదేశంలో వేగం రకం కావాలి. ఏసీ గాలి ఎటు కొడుతోందో చూసి ఏ వైపు ముందు ఆడాలో ఎంచుకోవాలి. టీవీలో ఇవేవీ కనపడవు.

గాలి మాట వచ్చింది కాబట్టి ఓ మాట. మన డెల్టా ఊళ్లలో నా చిన్నప్పుడు బాల్ బ్యాడ్మింటనే ఎక్కువ. సముద్రపు గాలి తోలే చోట ఐదు గ్రాముల కాక్ నిలబడదు, పాతిక గ్రాములు దాటిన ఊలు బంతి నిలబడుతుంది. ఐదుగురేసి ఆడే ఆట అది. పక్కవాడు ఎటు కదులుతున్నాడో చూడకుండానే పసిగట్టడం అందులో వంటపడుతుంది. ఆ గాలి తోలే నేలనుంచి ప్రపంచంలో మొదటి ర్యాంకు డబుల్స్ ఆటగాడు రావడం నాకు గొప్ప సంతోషం.

సరే, ఇప్పుడు నీ కోపం సంగతి. అష్టాచెమ్మా గవ్వలు పది తీసుకో. గుప్పెట్లో కలిపి వెయ్యి, వెల్లకిలా పడ్డవి లెక్కపెట్టు. ముందు ఓ ఇరవైసార్లు వేసి సగటు ఎంతో చూసుకో. ఆ తరవాత బాగా తక్కువ పడ్డప్పుడల్లా గవ్వల్ని గట్టిగా తిట్టు. చాలా ఎక్కువ పడ్డప్పుడు మెచ్చుకో. చూస్తూ ఉండు, తిట్టాక చాలావరకు మెరుగవుతాయి, మెచ్చుకున్నాక తగ్గుతాయి! నీ తిట్టు గవ్వకి వినపడిందా? లేదు. మరీ తక్కువ పడ్డాక తరవాతది సగటు వైపుకే వస్తుంది, మరీ ఎక్కువైనా అంతే. 2002లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న డానియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ఇజ్రాయెల్ వైమానిక శిక్షకుల దగ్గర పట్టుకున్నాడు. పొగిడితే కుర్రాళ్లు చెడుతున్నారు, తిడితే బాగుపడుతున్నారు అని వాళ్లు గట్టిగా నమ్మేవారట. గవ్వలు చేసిన పనిని వాళ్లు తమ తిట్ల ఖాతాలో వేసుకున్నారు. ఓడినప్పుడు కోచ్‌ని మార్చి, తరవాత గెలిస్తే కొత్త కోచ్ గొప్పతనం అనుకునేవాళ్లూ అదే చేస్తున్నారు.

టోక్యో చూడు. 2021లో అక్కడ మనవాళ్లు మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలిచారు. మొదటి మ్యాచ్‌లో చైనీస్ తైపీ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్‌ని మూడో గేము 27-25తో ఓడించారు. చివరికి స్వర్ణం ఎగరేసుకుపోయింది ఆ తైపీ జోడీయే! మనవాళ్లు గ్రూపు దశ దాటకుండానే ఇంటికొచ్చారు. గ్రూపులో మూడు జోడీలకి రెండేసి గెలుపులు వస్తే, గేముల తేడాలో తైపీ కన్నా ఒక్క గేము వెనకపడ్డారు. ఆ కోచింగ్‌ని చెడ్డది అంటావా?

అలాగని ప్రతి ఓటమీ గవ్వల వాటమే అని నేననను. మలేసియా జోడీ ఆరన్ చియా, సో వూయి యిక్ చేతిలో మనవాళ్లు వరసగా ఎనిమిదిసార్లు ఓడారు. సమవుజ్జీలైతే అలా జరిగే అవకాశం 256లో ఒకటి. అక్కడ అదృష్టం మాట చెల్లదు, కారణం వెతికి తీరాలి. అప్పటి కోచ్ డెన్మార్క్ ఆటగాడు మథియాస్ బో. 2012 లండన్ ఒలింపిక్స్ డబుల్స్‌లో రజతం గెలిచినవాడు. 2023 జూన్‌లో ఇండోనేసియా ఓపెన్ ఫైనల్లో అదే జోడీని 21-17, 21-18తో మనవాళ్లు ఓడించారు. ఆ ఏడాదే ఆసియా ఛాంపియన్‌షిప్, హాంగ్‌జౌ ఏషియాడ్ స్వర్ణం, అక్టోబర్లో ప్రపంచ నంబర్ వన్. ఏడాది తిరక్కుండానే, 2024 పారిస్‌లో ఓడించింది మళ్లీ ఆ మలేసియా వాళ్లే. బో తప్పుకున్నాడు. 2025లో టాన్ కిమ్ హర్ తిరిగొచ్చాడు. ఆ ఏడాది ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో, అదే పారిస్‌లో, అదే హాల్లో, అదే మలేసియా జోడీని 21-12, 21-19తో ఓడించి కాంస్యం తెచ్చుకున్నారు. కోచ్ మారాడు కాబట్టే గెలిచారని ఇప్పుడు నువ్వంటే ఒప్పుకోను. బో ఉండగా ఓడారు కాబట్టి బో పనికిరాడన్నా ఒప్పుకోను. అవి ఒక్కొక్క మ్యాచ్, ఒక్కొక్క గుప్పెడు గవ్వలు.

నాకున్న అసలు ఫిర్యాదు కోచ్‌ల మీద కాదు, మన దగ్గర ఆటని నడిపే పద్ధతి మీద. టాన్ 2019లో, టోక్యోకి ముందే, గడువు తీరకుండా వెళ్లిపోయాడు. అన్నేళ్లు కట్టుకొచ్చిన జోడీకి ఒలింపిక్స్ గుమ్మంలో గురువు మారడం మంచిది కాదు. ఎందుకు వెళ్లాడన్నది అటుంచు, నిలుపుకోవాల్సిన బాధ్యత నడిపేవాళ్లదే. డబుల్స్ కోచ్‌ని నాలుగేళ్ల గడువుకి పెట్టుకుని, ఆ నాలుగేళ్లూ కదపకూడదు. మరోటి, మన దగ్గర పిల్లాడు కాస్త బాగా ఆడగానే సింగిల్స్‌లో పెడతారు. సింగిల్స్‌లో పనికిరాడనుకున్నాకే డబుల్స్. గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్‌ని గోపీచంద్ డబుల్స్‌నుంచి సింగిల్స్‌కి మార్చడం గొప్పగా పనిచేసింది, కాదనను. అది ఆ పిల్లాడి ఆట చూసి చేసిన మార్పు. అందరికీ అదే సూత్రం కాకూడదు. 2022 మేలో బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్లో ఇండోనేసియాని 3-0తో ఓడించి తొలిసారి కప్పు తెచ్చామే, ఆ మూడింటిలో ఒకటి శ్రీకాంత్ సింగిల్స్, ఒకటి సాత్విక్-చిరాగ్ డబుల్స్. రెండో మ్యాచ్‌లో వీళ్లు నాలుగు మ్యాచ్ పాయింట్లు కాచుకుని గెలవకపోతే ఆ సాయంత్రం ఎటు తిరిగేదో! మన డెల్టా ఇండోర్ హాళ్లలో పన్నెండేళ్ల పిల్లలకి మొదట్నుంచే డబుల్స్ నేర్పే కోచ్‌లు కావాలి. గవర్నమెంటు ఇచ్చే డబ్బు ముందు దానికి పోవాలని నా కోరిక.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. 2024 పారిస్ మ్యాచ్, 2025 పారిస్ మ్యాచ్ రెండూ పెట్టుకో. కాక్ వెంట చూడకు. చిరాగ్ స్మాష్ కొట్టిన ప్రతిసారీ సాత్విక్ ఎక్కడున్నాడో, నెట్‌కి ఎన్ని అడుగుల్లో చేరాడో, అలాగే సాత్విక్ కొట్టినప్పుడు చిరాగ్ ఎక్కడున్నాడో గీతలు గీసి లెక్కపెట్టు. రెండు మ్యాచ్‌లకీ తేడా ఉందో లేదో చెప్పు. ఆ కాయితం చేతిలో పట్టుకుని రా, అప్పుడు కోచ్ గురించి ఎంతసేపైనా వాదించుకుందాం.