ఆయిల్ నట్టు రాకపోతే ఎక్కడ ఆగాలి

కారు ఆయిల్ నట్టు గురించి ఎపిసోడ్‌లో మాట్లాడాక చాలామంది ఒకటే మాట అడిగారు. "అన్నా, ఆ సైజులు, ఏది ముందు ఏది తర్వాత, రాసి పెట్టు. పని చేసేటప్పుడు చేతులకు ఆయిల్ ఉంటది, ఎపిసోడ్ వెనక్కి తిప్పుకుంటూ వినలేం." అందుకే ఇది రాస్తున్నా. నేను మెకానిక్‌ని కాదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేసి, సౌదీకి వచ్చి సైట్ సూపర్‌వైజర్‌నయ్యా. ఇంజిన్ లోపలి సంగతులు నన్ను అడగొద్దు. నట్టు, బోల్టు, మర, వాషర్ మాత్రం నా సబ్జెక్టే.

ముందు నా తప్పు చెప్తా. మాది పాత కొరొల్లా. రూమ్‌లో నలుగురం కలిసి కొన్నాం, ఇస్తిమారా నా పేరు మీద ఉంది. ఒక శుక్రవారం పొద్దున ఆయిల్ మారుద్దామని కిందికి దూరా. అంతకు ముందుసారి దారిలో ఏదో షాపులో మార్పించాం. అక్కడి పిల్లాడు నట్టును గన్ పెట్టి బిగించాడు, నేను చూస్తూ ఊరుకున్నా. ఇప్పుడు రింగ్ పానా వేస్తే ఇంత కూడా కదల్లేదు. పైపు ముక్క తొడిగి లాగా. టక్‌మంది. వచ్చేసిందని సంబరపడ్డా. చూస్తే నట్టు అక్కడే ఉంది, దాని మూలలే పోయాయి. కోపంలో స్క్రూ స్పానర్ వేశా, మిగిలిన మూలలు కూడా పోయాయి.

శుక్రవారం సనాయాలో సాయంత్రం దాకా షట్టర్లు తీయరు. శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు నలుగురం సైటుకు బయల్దేరాలి. కారు కదలకపోతే నలుగురి ఒకరోజు జీతం పోయినట్టే. రూమ్‌లో తమ్ముడొకడు సుత్తి, ఉలి తెచ్చి ఇచ్చాడు. "కొట్టు అన్నా, రాక ఎక్కడికి పోతుంది" అన్నాడు. ఉలి నట్టు మీద పెట్టా కూడా. అప్పుడు వెలిగింది. పాత ఆయిల్ ఇంకా లోపలే ఉంది కదా! ఒక్క చుక్క కారట్లేదు. అంటే కారు నడుస్తుంది.

నేను చెప్పాలనుకున్నది ఇదే. నట్టు రాకపోయినా కారు పాడవలేదు. డిప్‌స్టిక్‌లో ఆయిల్ సరిపడా ఉండి, కింద కారకుండా ఉంటే ఇంకో రెండు మూడు రోజులు తిరగొచ్చు. నట్టు బయటికి వచ్చి తిరిగి పట్టకపోతేనో, చాంబర్ పగిలితేనో కారు నిజంగా ఆగిపోతుంది. ఆ రెండూ మన చేతులతోనే, అదీ కోపంలోనే జరుగుతాయి. నేను ఉలి పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నా. శనివారం పాత ఆయిల్‌తోనే డ్యూటీకి పోయొచ్చాం. సాయంత్రం సనాయాలో ఒక పాకిస్తానీ ఉస్తాద్ రెండు నిమిషాల్లో తీసేశాడు. ఎలా తీశాడో కింద చెప్తా.

కారు కిందికి దూరే ముందు ఒక మాట. దీనికి మెకానిక్కులకంటే మన సైట్ మనుషులకే ఎక్కువ తెలియాలి, అయినా మనవాళ్లే ఎక్కువ తప్పు చేస్తారు. హాలో బ్లాక్ మీద కారు నిలబెట్టొద్దు. గోడలో ఆ బ్లాక్‌కు బరువు మొత్తం మీద సమానంగా పడుతుంది. కారు కింద పెడితే బరువంతా ఒక చిన్న అంచు మీద పడుతుంది, అదీ ఊగుతూ. అది వంగదు, చప్పుడు చెయ్యదు, ఒక్కసారిగా పొడి అయిపోతుంది. కింద ఉన్నది మన ఛాతీ. జాక్ ఎత్తడానికే, నిలబెట్టడానికి జాక్ స్టాండ్లు కావాలి. ఇసుక నేల అయితే స్టాండ్ కింద షట్టరింగ్ ప్లైవుడ్ ముక్క వెయ్యండి. హ్యాండ్ బ్రేక్ లాగి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టండి. ఇంకోటి, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ రూలు. సైట్లో మనమే విజిల్ వేసి ఆపిస్తాం, మళ్లీ అదే టైములో పార్కింగ్‌లో కారు కింద పడుకుంటాం. నవ్వొస్తుంది గానీ నేనూ చేశా.

ఇక నట్టు. కొరొల్లా, సన్నీ లాంటి చాలా కార్లకు తల సైజు 14, హోండాలకు 17. మన టూల్ డబ్బాల్లో మిల్లీమీటర్లూ అంగుళాలూ కలిసిపోయి ఉంటాయి. 9/16 అంగుళం పానా అంటే 14.3 మిల్లీమీటర్లు. 14 నట్టుకు అది పడుతుంది, బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, లాగగానే మూలలు తినేస్తుంది. పానా మీద అంకె తుడిచి చదవండి. పన్నెండు మూలల రింగ్ పానా కూడా గట్టి నట్టుకు పనికిరాదు, అది కొసల్నే పట్టుకుంటుంది. ఆరు మూలల సాకెట్ తీసుకోండి. నట్టు తల మీద మట్టి గోకి, సాకెట్ చివరిదాకా కూర్చునేలా సుత్తితో మెల్లగా తట్టండి.

ఎటు తిప్పాలి అన్నది చిన్న విషయంలా ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే పెద్ద మేస్త్రీలకు కూడా కుడి ఎడమ తారుమారవుతాయి. నట్టు తలకు ఎదురుగా మొహం పెట్టి చూస్తే, గడియారం ముల్లుకు ఎదురు తిప్పితే లూజు. కొన్ని కార్లలో నట్టు నేల వైపు కాకుండా వెనక్కి చూస్తుంది, అప్పుడు కూడా ఇదే లెక్క. లూజు చేస్తున్నానుకుని బిగించి పాడు చేసినవి చాలా చూశా.

కదలకపోతే ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉంటే చాలు, కాలే ఆయిల్ మీద పడితే చర్మం ఊడుతుంది. చాంబర్ అల్యూమినియం అయితే వేడికి స్టీలు నట్టు కంటే అదే ఎక్కువ వ్యాకోచిస్తుంది, పట్టు కొంచెం సడలుతుంది. నట్టు తల మీద నేరుగా రెండు మూడు చిన్న దెబ్బలు వెయ్యండి. తర్వాత సాగదీసి లాగకుండా, హ్యాండిల్ మీద అరచేత్తో ఒక్క ఊపు. చాలా నట్లు ఇక్కడే వస్తాయి.

మందు స్ప్రే కొట్టి గంట ఆగమని అందరూ చెప్తారు. తుప్పు పట్టిన సైలెన్సర్ బోల్టుకైతే నేనూ కొడతా. ఆయిల్ నట్టు మర ఎప్పుడూ ఆయిల్‌లోనే నానుతుంది, బయట వాషర్ దారి మూసేసి ఉంటుంది. అది బిగుసుకునేది తుప్పుతో కాదు, మనిషి చేతితో. కొడితే నష్టం లేదు, ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

మూలలు పోయి గుండ్రంగా అయిపోతే, మా ఉస్తాద్ చేసింది ఇది. 13 సైజు ఆరు మూలల సాకెట్ తీసుకుని, గుండ్రమైన 14 తల మీద సుత్తితో దిగ్గొట్టాడు. సాకెట్ తన మూలలు తానే కోసుకుంటూ కూర్చుంది. లివర్ వేసి తిప్పాడు, అంతే. నట్టును సాకెట్‌లోంచి పొడుచుకుని తీయడానికే ఎక్కువసేపు పట్టింది. లోపల మెలికల పళ్లుండే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు కూడా దొరుకుతాయి, అవి ఇంకా మంచివి. రెండూ లేకపోతే ఆకురాయితో తలకు ఎదురెదురుగా రెండు చదునులు చేసి వైస్ గ్రిప్ గట్టిగా బిగించి తిప్పొచ్చు. ఫిట్టర్ ట్రేడ్‌లో నెలల తరబడి ఆకురాయి పట్టించారని తిట్టుకున్నవాళ్లం, ఇక్కడ పనికొస్తుంది.

అప్పటికీ రాకపోతే ఇంట్లో ఆపేయండి. ఉలి పెట్టి అంచు మీద కొడితే నట్టు తిరగొచ్చు కూడా. కానీ ఒక దెబ్బ జారితే రేకు చాంబర్ సొట్టపోతుంది, అల్యూమినియం అయితే పగులుతుంది. సైట్ వెల్డర్‌ని తెచ్చి నట్టు మీద నట్టు వెల్డింగ్ పెట్టించే ఆలోచన కూడా వద్దు. ఆయిల్ ఆవిరి, పక్కనే పెట్రోల్ పైపు, కింద మీరు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో పాత ఆయిల్ లాగేసే షాపులున్నాయి. నట్టు ముట్టకుండా ఈసారికి ఆయిల్ మార్పించేసుకుని, నట్టు సంగతి సెలవు దొరికినప్పుడు చూసుకోవచ్చు.

రెండో రకం జబ్బు, నట్టు తిరుగుతూనే ఉంటుంది, బయటికి రాదు. మర పోయిందని అర్థం. తల అంచు కింద పలుచని స్క్రూ డ్రైవర్ పెట్టి మెల్లగా కిందికి ఎత్తుతూ తిప్పండి. తీశాక నట్టుకు స్ప్రింగ్ లాంటి తెల్లటి తీగ చుట్టుకుని ఉంటే అది చాంబర్ మర. దాన్ని టెఫ్లాన్ టేపు, ఎంసీల్ పెట్టి మూసేవాళ్లను చూశా. అవి కారడాన్ని ఆపుతాయేమో, పట్టు ఇవ్వవు. హైవే మీద నట్టు ఊడితే ఆయిల్ అంతా పోతుంది, ఎర్ర దీపం చూసి ఆపేలోపు ఇంజిన్ పట్టేయొచ్చు. రబ్బరు ప్లగ్ గ్యారేజీ దాకా పోవడానికే. కొత్త మర కోసుకుంటూ దిగే లావు నట్టు ఒకటి అమ్ముతారు, కొంచెం వంకరగా దిగినా చాంబర్ చెడుతుంది. నా ఓటు లోపల ఇన్‌సర్ట్ వేయించడానికి, కుదరకపోతే చాంబరే మార్చడానికి. ఏది చేయించినా లోహపు పొడి కడిగించుకోండి.

బిగించేటప్పటి లెక్క చూడండి. మా కొరొల్లా నట్టుకు కంపెనీ చెప్పిన బిగువు 37 న్యూటన్ మీటర్లు. అడుగు పొడవు హ్యాండిల్ చివర పన్నెండు పదమూడు కిలోల బలం, అంతే. మీటరు పైపు తొడిగి యాభై కిలోలు వేలాడితే 490 అవుతుంది, పదమూడు రెట్లు. ముందు నట్టును వేళ్లతోనే చివరిదాకా తిప్పండి. వేళ్లతో దిగకపోతే మర ఎక్కి కూర్చున్నట్టు, తీసి మళ్లీ పెట్టండి. వాషర్ ప్రతిసారి కొత్తది. పాతది చాంబర్‌కు అతుక్కుని ఉందేమో గోరుతో చూడండి, రెండు వాషర్లైతే కారుతుంది. షాపులో చేయిస్తే "గన్ వద్దు, చేత్తో బిగించు భాయ్" అని అడగండి, నేను సిగ్గుపడి అడగనందుకే ఇదంతా.

కొత్త ఆయిల్ పోశాక ఐదు నిమిషాలు నడిపి కింద చూడండి, రాత్రి అట్టముక్క పరిచి పెట్టండి. పాత ఆయిల్ డబ్బాల్లో పట్టి సనాయాలో ఆయిల్ మార్చే షాపులో ఇచ్చేయండి, ఇసుకలో పోస్తే బల్దియా జరిమానా. 14 ఆరు మూలల సాకెట్, ఒక 13, రెండు వాషర్లు, ఒక కొత్త నట్టు నేనిప్పుడు డిక్కీలో సంచిలో ఉంచుతున్నా. నట్టు లూజవుతుందో లేదో గురువారం సాయంత్రమే, షాపులు తెరిచి ఉండగానే చూసుకుంటా.