మీకు తెలుసా? క్యాన్సర్ చట్టాన్ని సాధించింది లాబీయింగే!

లాబీయింగ్ అనగానే మనకు చీకటి బేరాలు, సూట్‌కేసులు గుర్తుకొస్తాయి. అమెరికాలో మాత్రం అది రాజ్యాంగం అండ ఉన్న పని. ప్రభుత్వానికి మొర పెట్టుకునే హక్కును 1791 నాటి మొదటి సవరణే ప్రజలకు ఇచ్చింది. ఆ హక్కును మేరీ లాస్కర్ వాడుకున్నంత బాగా వాడుకున్నవాళ్లు అరుదు.

ఆమె డాక్టరు కాదు, శాస్త్రవేత్త కాదు, చట్టసభ సభ్యురాలు అంతకన్నా కాదు. 1940లలో క్యాన్సర్ మీద పోరు మొదలుపెట్టేనాటికి రేడియోలో ఆ జబ్బు పేరెత్తడానికే జంకేవారు. పరిశోధనకు విరాళాలు చాలవు, ఫెడరల్ బడ్జెట్టే కదలాలి అన్నది ఆమె పట్టుదల. అందుకోసం వాషింగ్టన్‌లో జీతాలిచ్చి మరీ లాబీయిస్టులను పెట్టుకున్నారు. వాళ్లేం చేసేవారో చూడండి. ప్రతినిధుల సభలో ఆరోగ్య నిధుల ఉపసంఘానికి అధ్యక్షుడు జాన్ ఫోగర్టీ. రాజకీయాల్లోకి రాకముందు ఆయన తాపీ మేస్త్రీ. మనసున్న మనిషే కానీ, ఏ పరిశోధనకు ఎంత కావాలో ఆయనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా! విచారణకు ఏ వైద్యుణ్ని పిలవాలో, ఆయన ఏం చెప్పాలో లాస్కర్ బృందం ముందే సిద్ధం చేసేది. వేల బిల్లుల మధ్య నలిగే సభ్యుడికి లాబీయిస్టు చేసే అసలు మేలు ఇదే.

అలా సాక్ష్యం చెప్పినవాళ్లలో ముఖ్యుడు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్. పిల్లల్లో ల్యుకేమియాను కొంతకాలమైనా వెనక్కి నెట్టవచ్చని 1948లో లోకానికి చూపించింది ఆయనే. ఆయన వాడిన అమినోప్టెరిన్ మందు ఎక్కడిదో తెలుసా? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లే పరిశోధనశాలది!

1969లో లాస్కర్ సహచరులు అధ్యక్షుడు నిక్సన్‌ను నేరుగా ఉద్దేశించి పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. 1971 ఏప్రిల్‌లో ఆన్ లాండర్స్ తన సలహాల శీర్షికలో, క్యాన్సర్ బిల్లుకు మద్దతివ్వమని సెనేటర్లకు ఉత్తరాలు రాయండని పాఠకులను కోరారు. లక్షల్లో వచ్చిపడిన ఉత్తరాలతో సెనేట్ కార్యాలయాలు ఉక్కిరిబిక్కిరయ్యాయి. ఆ ఏడాది డిసెంబర్ 23న జాతీయ క్యాన్సర్ చట్టంపై నిక్సన్ సంతకం చేశారు.

సిగరెట్ కంపెనీలు నడిచిందీ ఇదే దారిలో. ప్యాకెట్ మీదా, ప్రకటనల్లోనూ హెచ్చరిక ఉండాలని 1964లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిర్ణయించింది. కంపెనీల తరఫున మాజీ సెనేటర్ ఎర్ల్ క్లెమెంట్స్ రంగంలోకి దిగారు. 1965లో వచ్చిన చట్టం ప్యాకెట్ మీద మెత్తని హెచ్చరికతో సరిపెట్టి, ప్రకటనల జోలికి పోకుండా కమిషన్ చేతులు కొన్నేళ్లపాటు కట్టేసింది. జబ్బు ఒకటే, లాబీలు రెండు. ఒకదాన్ని ఉంచి రెండోదాన్ని నిషేధించడం కుదిరే పని కాదు. ఎవరు ఎవరి కోసం మాట్లాడుతున్నారో జనానికి తెలియడమే దీనికి మందు.

1995 నాటి చట్టం చేసింది అదే. లాబీయిస్టు పేరు నమోదు చేసుకోవాలి, ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత డబ్బుతో పనిచేస్తున్నాడో రాసివ్వాలి. 2007 సవరణ వచ్చాక మూడు నెలలకోసారి ఇవ్వాలి. ఆ నివేదికలను ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

2012 డిసెంబర్‌లో వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చుపై మన పార్లమెంటు దద్దరిల్లింది గుర్తుందా? భారత మార్కెట్లో ప్రవేశం కూడా ఆ ఖర్చు పద్దుల్లో ఉందని బయటపడింది అమెరికా సెనేట్‌కు ఆ కంపెనీ ఇచ్చిన నివేదికల వల్లే. అలాంటి నివేదికలు కోరే చట్టం మనకు లేదు. 2013లో ఎంపీ కాళికేశ్ సింగ్ దేవ్ లోక్‌సభలో ఇందుకోసం ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.