అంతర్జాలమును, ప్రజల స్వపరిపాలనమును

ప్రజలే ప్రభువులను మాటను మన విద్యార్థులు పౌరశాస్త్ర పాఠములలో తఱచుగా చదువుచున్నారు. కాని అయిదేండ్ల కొకమాఱు వోటు వేసి వచ్చిన పిదప ఆ ప్రభుత్వము ప్రజల చేతిలో నేమాత్రము మిగులునని యెవరైన నడిగినచో బదులు చెప్పుట సులభము కాదు. వీధి కాలువ యెప్పుడు బాగుచేయవలెను, మంచినీళ్ల కొళాయి యెచ్చట నిలుపవలెను అను చిన్న సంగతులు సైతము పలుమాఱు మన ప్రమేయము లేకయే నిశ్చయింపబడుచుండును. ఇప్పుడు దాదాపు ప్రతి యింటను చేతిఫోను ఉన్నది గదా, దాని మూలమున ప్రజలే నేరుగా పాలించుకొనరాదా యని యనేకులు ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నను విద్యార్థులకును వారి తలిదండ్రులకును విశదపఱచుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ప్రజలు నేరుగా పాలించుకొనుట క్రొత్త యూహ కాదు. ప్రాచీన గ్రీసు దేశమున ఏథెన్సు పట్టణపు పౌరులు ఒక గుట్టమీద సభ తీర్చి యుద్ధమును, సంధిని, పన్నులను తామే నిర్ణయించుచుండిరి. కొన్ని ముఖ్య విషయములకు 6,000 మంది హాజరు కావలసి యుండెను. అయితే స్త్రీలకును, బానిసలకును ఆ సభలో చోటు లేదు. స్విట్జర్లాండులోని గ్లారుసు మండలమున నేటికిని పౌరులు ఏటేట బయలున గూడి చేతులెత్తి శాసనములు చేసికొనుచున్నారు. మన దక్షిణ దేశమున ఉత్తరమేరూరు శాసనములు పదవ శతాబ్దపు గ్రామసభను గూర్చి తెలుపుచున్నవి. అర్హుల పేరులు తాటియాకులపై వ్రాసి కుండలో వేసి, ఏమియు నెఱుగని యొక బాలునిచే తీయించుచుండిరట. పెద్దల చేతికంటె బాలుని చేతిని వారు నమ్మిరన్న సంగతిని మన విద్యార్థులు జ్ఞాపకముంచుకొందురు గాక.

జనసంఖ్య పెరిగి దేశములు విశాలమైన కొలది అందఱు నొకచోట గూడుట యసాధ్యమయ్యెను. అందుచేత ప్రతినిధుల నెన్నుకొను పద్ధతి యేర్పడినది. అంతర్జాలము దూరమును తొలగించినది గనుక ప్రతినిధి యక్కఱ లేదని కొందఱి వాదము. అది యెంతవఱకు నిజమో తెలియుటకు పాలనమున ప్రజల పాత్రను మూడు మెట్లుగా విభజించి చూతము: తెలిసికొనుట, చెప్పుట, నిర్ణయించుట.

మొదటి మెట్టు తెలిసికొనుట. దీనికి మన రాయలసీమయే మేలైన నిదర్శనము. 2005లో చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ పనుల లెక్కలను గ్రామసభయే తనిఖీ చేయవలెనని ఆ చట్టములోనే వ్రాయబడెను. ఎవరెవరు ఎన్ని దినములు పనిచేసిరి, ఎంత కూలి చెల్లెను అను వివరములు కంప్యూటరులో నెక్కించి, ఎవరైన చూచుకొనునట్లు అంతర్జాలమున నుంచిరి. కాని బీదకూలీ ఆ పుటను తెఱచి చదువగలడా? అందుచేత శిక్షణ పొందిన పల్లె యువకులు ఆ లెక్కలను కాగితముపై దింపుకొని యింటింటికి బోయి, "నీవు ఈ దినములలో పనికి బోయితివా? ఈ రూకలు నీకు ముట్టినవా?" అని యడిగిరి. పిమ్మట గ్రామసభలోను, మండల బహిరంగసభలోను అధికారుల యెదుట ఆ జవాబులను చదివిరి. పనికి రానివారి పేరులు, మరణించినవారి పేరులు సైతము కూలిపట్టీలలో బయటపడినవి. కొంత సొమ్ము తిరిగి రాబట్టబడెను. ఈ తనిఖీని నడుపుటకై 2009లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రత్యేకముగ నొక సంస్థను స్థాపించెను. యంత్రము లెక్కను దాచకుండ నుంచినది. మనుష్యుడు దానిని బిగ్గఱగా చదివినాడు. ఈ రెండును గూడినప్పుడే న్యాయము జరిగినదని గ్రహింపవలెను.

రెండవ మెట్టు చెప్పుట. కేంద్ర ప్రభుత్వము 2014 జులై 26వ తేదీన "మైగవ్" అను వేదికను తెఱచి ప్రజల సూచనలను కోరెను. మన రాష్ట్రమున 2025 జనవరి 30వ తేదీన "మన మిత్ర" యను పేర వాట్సాప్ మూలముగ ప్రభుత్వ సేవలు మొదలైనవి. పత్రము కొఱకు కచేరీకి పదిమాఱులు తిరుగు శ్రమ తగ్గుట గొప్ప మేలే. అయినను సేవ వేఱు, పాలనము వేఱు. అర్జీ పంపుకొనుట పాలించుట కాదు.

తైవాను దేశమున ఇంకొక యడుగు ముందునకు వేసిరి. 2015లో బాడుగకార్ల విషయమున వివాదము కలుగగా, ప్రజలు తమ యభిప్రాయములను అంతర్జాలమున నుంచిరి. ఒకరు వ్రాసినదానికి మఱియొకరు ఔననియో కాదనియో చెప్పవచ్చును గాని బదులు వ్రాసి తగవులాడుటకు వీలులేదు. భిన్నపక్షముల వారు ఉభయులు నంగీకరించిన మాటలేవో యంత్రము ఏఱి చూపెను. వానిని ఆధారముగ గొని ప్రభుత్వము నియమములు చేసెను.

మూడవ మెట్టు నిర్ణయించుట. ఇదియే కఠినమైనది. యూరపులోని ఎస్టోనియా దేశము 2005 నుండి ఎన్నికలలో అంతర్జాలపు వోటును అనుమతించుచున్నది. 2023 మార్చి ఎన్నికలలో సగమునకు మించిన వోట్లు ఆ విధముగనే పడినవి. బలవంతము చేత వోటు వేసినవాడు గడువులోపల మరల వేయవచ్చును. కడపటి వోటే లెక్కకు వచ్చును. మన తెలుగుదేశమున 2021 అక్టోబరులో తెలంగాణ ఎన్నికల సంఘము ఖమ్మము నగరమున ఫోనుద్వారా వోటు వేయు పద్ధతిని ప్రయోగముగ పరీక్షించెను. అవి లెక్కకు రాని మాదిరి వోట్లు మాత్రమే. స్విట్జర్లాండు 2019లో తన తపాలాశాఖవారి వోటుయంత్ర విధానమును పండితుల పరీక్షకు బెట్టగా లోపములు బయటపడినవి. వెంటనే దానిని నిలిపి, సవరించి, 2023లో కొన్ని మండలములలో మాత్రము తిరిగి ప్రారంభించెను. లోపము నొప్పుకొని నిలుపుట యవివేకము కాదని దీనివలన నేర్చుకొందము.

ఇక కష్టములను గూర్చి చెప్పుదుము. వోటింగు గదిలో మనము ఒంటరిగ నుందుము. ఇంటిలో ఫోను చేతబట్టినప్పుడు భుజముపైనుండి చూచువారుందురు. పెట్టెలోని కాగితములను సామాన్యుడును లెక్కింపగలడు; యంత్రములోని లెక్కను చదువగలవారు కొందఱే. అన్నిటికంటె ముఖ్యముగ, ప్రశ్నను వ్రాయువాని చేతిలోనే సగము జవాబుండును. "కాలువ కావలెనా, దీపము కావలెనా?" అని యడిగిన యెడల నీళ్లు కావలసినవాడు ఏమి చెప్పగలడు?

ఈ విషయము మన కల్లూరికి దగ్గఱది. హంద్రీ యొడ్డున నున్న మన కల్లూరులో అధికభాగము నేడు కర్నూలు నగరపాలక సంస్థలో చేరియున్నది. ఉలిందకొండ వంటి మండల గ్రామములలో 73వ రాజ్యాంగ సవరణ ప్రకారము, వోటర్లందఱికిని స్థానముగల గ్రామసభ కలదు. 2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒక్క దినముననే గ్రామసభలు జరిగినవి. పట్టణములలోనో, అట్టి సభ లేదు. మూడు లక్షలకు తక్కువకాని జనసంఖ్యగల పట్టణములకు 74వ సవరణ వార్డు కమిటీలను మాత్రము విధించినది. అనగా, ఊరు పట్టణమున చేరినప్పుడు దీపములు పెరుగును గాని, అందఱు గూర్చుండి మాటాడు చోటు పోవును. ఆ లోటును అంతర్జాలము కొంత తీర్పగలదని మా యభిప్రాయము. వార్డునకు వచ్చిన సొమ్మెంత, చేసిన పని యేది యను లెక్క ఫోనులో నందఱికి కనబడవలెను. ఆ లెక్కను నెలకొకమాఱు వీధి యరుగుమీద బిగ్గఱగా చదువవలెను. పిమ్మట ఏ పని ముందో వార్డులోని వారే చెప్పవలెను. ఫోను లేనివారికి కాగితపు చీటీ యుండవలెను. ఎండకాలమున బిందెలతో నిలుచు స్త్రీల మాట ఆ లెక్కలో చేరనిచో ఎంత గొప్ప యంత్రమైనను వ్యర్థమే.

ప్రియ విద్యార్థులారా! ఇందు మీ పాలును గలదు. అనేక గృహములలో చదువురాని అవ్వ, తాత ఫోనును మీ చేతికిచ్చి "నాయనా, ఇందులో ఏమున్నదో చూడు" అనుచున్నారు. వారి అర్జీ మీ వ్రేలిద్వారా పోవుచున్నది; రేపు వారి మాటయు నట్లే పోవచ్చును. ఉత్తరమేరూరు కుండలో చేయి పెట్టిన బాలుని వలె నేడు మీరు నమ్మబడుచున్నారు. తెరమీద నున్నదానిని వారికి పూర్తిగ చదివి వినిపింపుడు. వారు చెప్పినదానినే నొక్కుడు. మీకు నచ్చినదానిని నొక్కకుడు. ఇంత చిన్న పనియందు సత్యముగ నుండ నేర్చినవారే, పెద్దవారైన పిదప స్వపరిపాలనమునకు తగినవారగుదురు. చేతిలో యంత్రముండుట మాత్రముచే ఎవరును పాలకులు కారు. పొరుగువాని మాట వినువాడే పాలించుకొన నేర్చినవాడని మా దృఢమైన నమ్మకము.