కథకి ముందు ప్రార్థన ఎందుకు?

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో వినాయక చవితి పందిట్లో బుర్రకథ పెట్టించారనుకోండి. "ప్రార్థన త్వరగా కానిచ్చి కథలోకి రండయ్యా" అని కమిటీవారు తొందరపెట్టడం మీరూ వినే ఉంటారు. దేవుడికి దణ్ణం పెట్టడానికి ఇంతసేపెందుకని వారి ఉద్దేశం. కాని ఆ ప్రార్థన దేవుడికంటే మనకే ఎక్కువ అవసరం.

ఎలాగంటారా? కథ మొదలయ్యేది రాత్రి భోజనాలయ్యాక. మగవాళ్లు తిని, చెయ్యి కడుక్కుని వెళ్లి ముందు వరసలో కూర్చుంటారు. మనమేమో గిన్నెలు సర్ది, పాలు తోడుపెట్టి, చంటిపిల్లని జోకొట్టి బయల్దేరాలి. ఈలోగా తంబుర మోత, డక్కీల చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంటుంది. గణపతి, శారద, గురువు, ఊరి దేవత, ఆఖరికి సభవారు - ఒక్కొక్కరికీ దణ్ణం అయ్యేసరికి మనం వెళ్లి చాప పరుచుకోవచ్చు. కథ ఒక్క ముక్క కూడా పోదు. ప్రార్థన కోసేస్తే పోయేది ఆలస్యంగా వచ్చేవాళ్ల వంతే. ఆ ఆలస్యంగా వచ్చేది ఎవరో మీకు చెప్పాలా!

కథకుడికీ దానితో పని ఉంది. తంబుర శ్రుతి, డక్కీల బిగువు, తన గొంతు, వంతల గొంతులు అన్నీ అక్కడే సరిచూసుకుంటాడు. జనం గోల సద్దుమణిగేదీ అప్పుడే. రేడియో బుర్రకథల్లో ప్రార్థన పొట్టిగా ఉండేదంటే గడువు తక్కువ కనక. అయినా ఇంట్లోనే వినేవాళ్లు నడిచి రానక్కర్లేదు గదా!

ఒగ్గు కథ సంగతి వేరు. ఒగ్గు అంటే శివుడి డమరుకం. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మల కథలు కొలుపులో భాగంగానే చెబుతారు. కనక అక్కడ దేవుణ్ణి పిలవడం ముందుమాట కాదు, అదే పూజ. దాన్ని తగ్గించమనే సాహసం ఎవరూ చెయ్యరు.

ఇది మన ఒక్కళ్ల ఆచారమే కాదు. చైనాలో పింగ్‌షు అనే కథాకాలక్షేపం ఉంది. కథకుడు బల్ల వెనక నిలబడి, చిన్న కర్రముక్కతో టక్కున కొట్టి, ముందుగా ఒక పద్యం చదువుతాడు. ఆ పద్యం పని సభని కుదురుగా కూర్చోబెట్టడం. వాళ్ల హాస్య సంభాషణ షియాంగ్‌షెంగ్‌లో కూడా పద్యంతో ఎత్తుకోవడం ఉంది. కాని పెద్దమనిషిలా గంభీరంగా మొదలెట్టి, మధ్యలో జోకు వేసి నవ్విస్తారు. మన బుర్రకథలో హాస్యగాడు అంత తొందరపడడు, ప్రార్థనలో వంత పాడతాడే గాని జోకు వెయ్యడు.

ఎవరికి దణ్ణం పెడుతున్నారో గమనిస్తే కథ ఎవరి పక్షమో కూడా తెలుస్తుంది. 1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక బుర్రకథ కొత్త దారి పట్టింది. షేక్ నాజర్ లాంటివారి చేతిలో అది కష్టజీవుల గోడు చెప్పే కథ అయింది. దేవతల పేర్లు వినిపించేచోట దేశాన్నీ, వీరుల్నీ తలచుకోవడం వచ్చింది. పేర్లు మారాయి గాని, ముందు తలచుకోవడం మాత్రం మానలేదు.

ఈసారి చందా అడగడానికి కమిటీవారు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు, డబ్బు చేతిలో పెట్టేముందే అనండి: "ప్రార్థన పూర్తిగా పాడించండి బాబూ, మేం వంటిల్లు కడిగి వస్తాం."