డ్రాగ్ రేస్ కారులో డ్రై సంప్: పవర్ కోసమా, ప్రాణం కోసమా?

ఫోన్ స్పెక్స్‌లో ప్రాసెసర్ తర్వాత నేను చూసేది కూలింగ్. పవర్ ఎంతన్నది ఒక లెక్క, అది ఎంతసేపు నిలుస్తుందన్నది ఇంకో లెక్క. అమెరికన్ డ్రాగ్ రేసింగ్‌లో ఆ రెండో లెక్క చూసుకునేది డ్రై సంప్.

మామూలు కార్లలో ఉండేది వెట్ సంప్. ఆయిల్ ఇంజిన్ అడుగున పాన్‌లోనే ఉంటుంది, పికప్ పైపు దాన్ని పీల్చుకుంటుంది. రోడ్డు మీద ఇది చాలు. కానీ కారు 1 జీ యాక్సిలరేషన్‌తో దూకితే పాన్‌లో ఆయిల్ మట్టం 45 డిగ్రీలు వాలిపోతుంది. 2 జీ అయితే దాదాపు 63. ఆయిలంతా వెనక్కి పోతుంది. 402 మీటర్లు దాటి పారాచూట్ విప్పగానే మొత్తం ముందుకొచ్చేస్తుంది. ఈ గ్యాప్‌లో పికప్ గాలి పీల్చిందా, బేరింగులు సెకన్లలో కాలిపోతాయి.

డ్రై సంప్ ఏం చేస్తుంది?

ఆయిల్‌ను విడిగా ఒక ట్యాంకులో ఉంచుతుంది. ఉదాహరణకు నాలుగు స్టేజీల పంపులో మూడు స్టేజీలు పాన్‌లోంచి ఆయిల్ లాగి ట్యాంకుకు పంపుతాయి, నాలుగోది ట్యాంకు నుంచి ఇంజిన్‌కు ప్రెషర్‌తో ఇస్తుంది. లాగేవి ఎందుకు ఎక్కువంటే, పాన్‌లోంచి వచ్చేది గాలి కలిసిన నురగ. ట్యాంకులో ఆ గాలి విడిపోతుంది. పాన్ లోతు తగ్గుతుంది కాబట్టి ఇంజిన్‌ను కిందికి దించొచ్చు. క్రాంక్‌కేస్‌లో వాక్యూమ్ ఏర్పడి పిస్టన్ రింగులు బాగా సీల్ అవుతాయి. కొంచెం పవర్ పెరుగుతుంది. అది బోనస్ మాత్రమే.

ఇన్‌స్టాలేషన్‌లో చూడాల్సినవి

పాత పంపు తీసేశాక దాని ఆయిల్ దారి మూసేయాలి, లేదంటే ప్రెషర్ అక్కడే లీకవుతుంది. కొత్త పంపును ఇంజిన్ పక్కన బిగించి, క్రాంక్ నుంచి పళ్ల బెల్టుతో తిప్పాలి. సాధారణంగా క్రాంక్ వేగంలో సగం చాలు. పుల్లీలు ఒకే లైన్లో ఉండాలి. ట్యాంకు పొడవుగా, నిటారుగా ఉండాలి. దాని అడుగు నుంచి పంపుకు వెళ్లే హోస్ లావుగా, పొట్టిగా, మెలికలు లేకుండా ఉండాలి. హోస్ కోసినప్పుడు లోపల మిగిలిన రబ్బరు పొడిని కడగకుండా బిగించొద్దు. మొదటిసారి స్టార్ట్ చేసేముందు బెల్టు తీసి, పంపును డ్రిల్‌తో సరైన దిశలో తిప్పి, గేజ్‌లో ప్రెషర్ కనిపించాకే ముందుకెళ్లాలి.

సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది. ఇప్పుడు ఇంజిన్ ప్రాణమంతా ఆ ఒక్క బెల్టు మీదే ఉంది. అది తెగితే ప్రెషర్ సున్నా. అందుకే ప్రెషర్ సెన్సర్‌ను ఈసీయూకి కలిపి, లిమిట్ కంటే పడిపోగానే ఇగ్నిషన్ ఆగేలా సెట్ చేయాలి. డ్రైవర్ గేజ్ చూసి స్పందించేలోపే నష్టం జరిగిపోతుంది.

నా మాట

కిట్ మొత్తానికి వేల డాలర్లవుతుంది. వీకెండ్‌లో స్ట్రిప్‌కి వెళ్లే రోడ్డు కారుకైతే బాఫిల్స్ ఉన్న మంచి పాన్ చాలు. 2006 కార్వెట్ జీ06 లాంటి కార్లకైతే ఫ్యాక్టరీ నుంచే డ్రై సంప్ వస్తుంది. ఇంజిన్ ఖరీదు కిట్ ఖరీదుకి ఎన్నో రెట్లున్న సీరియస్ రేస్ కారుకి మాత్రం నేను డ్రై సంపే వేయమంటా. పవర్ కోసం ఇంకేదైనా కొనండి, దీన్ని ఇంజిన్ ఇంటికి తిరిగి రావడానికి కొనండి.