గోడెక్కుదాం, రండి!

పిల్లలు గోడెక్కితే కేకలేసే మనం ఈ వయసులో గోడెక్కడమేమిటని నవ్వుకుంటున్నారా? బౌల్డరింగ్ అంటే అదే మరి! 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మొదటిసారిగా చోటు దక్కిన క్లైంబింగ్‌లో ఇదీ ఒక భాగం. హైదరాబాద్, బెంగళూరులాంటి నగరాల్లో దీనికోసం హాల్లోనే గోడలు కట్టారు.

గోడ ఎత్తు సుమారు 4 మీటర్లు. తాడుండదు. కింద మందపాటి పరుపులుంటాయి. గోడకి బిగించిన రంగురంగుల పట్లలో ఒకే రంగువి పట్టుకుంటూ పైకి పోవాలి.

ముందు నేర్చుకోవలసింది ఎక్కడం కాదు, పడటం! మోకాళ్లు కాస్త వంచి, రెండు పాదాలమీదా దిగి, వెనక్కి దొర్లిపోండి. చేతులు వెనక్కి ఆనించారో, మణికట్టుకే ముప్పు. వీలైనంతవరకూ దూకకుండా పట్లు పట్టుకునే దిగండి.

చేతుల్లో బలం లేదని బెంగ వద్దు. నిచ్చెనెక్కేటప్పుడు బరువు మోసేది కాళ్లే కదా, ఇక్కడా అంతే. ముని వేళ్లమీద నిలబడి కాలితో పైకి లేవండి.

చీర, చున్నీ వద్దు. గాజులు, గొలుసులు, ముఖ్యంగా ఉంగరాలు తీసెయ్యండి. ఉంగరం ఇరుక్కుంటే వేలికే ప్రమాదం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడిగాకే వెళ్లాలి.

ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో వెళితే సరదా. ఒకరెక్కుతుంటే మిగతావాళ్లు దూరంగా నిలబడి, "ఎడమకాలు పైకి, అదిగో ఆ పచ్చది!" అని దారి చెప్పొచ్చు. కింద మాత్రం నిలబడొద్దు, మీద పడతారు. సగంలో దిగిపోయినా చిన్నతనమేమీ లేదు.

మర్నాడు చపాతీపిండి కలపడానికి వేళ్లు మొరాయిస్తే? ఆ పని శ్రీవారికి అప్పగించండి!