అన్నం అరగక వాంతులా? పొట్ట కోయకుండా చికిత్స ఉంది

పొద్దున తిన్న ఇడ్లీ సాయంత్రం వాంతిలో అలాగే కనబడుతోందా? రెండు ముద్దలకే పొట్ట నిండిపోతోందా? గ్యాస్ అనుకుని మాత్రలు మింగుతూ కూర్చోకండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి కడుపును కదిలించే నరాలు దెబ్బతిని, తిన్నది కిందికి నెమ్మదిగా దిగుతుంది. దీన్ని గ్యాస్ట్రోపెరాసిస్ అంటారు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్త. సూది మందు పని మొదలుపెడుతుంది, తిండి మాత్రం ఇంకా ఒంటికి అందదు. షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అలాగని ఇన్సులిన్ మీరే మానేయకండి, డాక్టరుకు చెప్పండి.

ముందు ఎండోస్కోపీ చేసి లోపల అడ్డంకి ఏమైనా ఉందా అని చూస్తారు. తర్వాత స్కానింగ్. నాలుగు గంటలయ్యాక కూడా తిన్నదానిలో 10 శాతం కంటే ఎక్కువ కడుపులో మిగిలితే జబ్బు ఉన్నట్టే. చాలామందికి షుగర్ అదుపు, కొద్దికొద్దిగా మెత్తటి తిండి, మందులతో సరిపోతుంది.

అప్పటికీ తగ్గనివాళ్లకు జీ-పోయెమ్. మత్తు ఇచ్చి, నోటి ద్వారా గొట్టం పంపి, కడుపు చివర ద్వారం దగ్గరి కండరాన్ని లోపలి నుంచే కోస్తారు. పైన కోత, కుట్లు ఉండవు. అందరికీ గుణం కనిపించదు. అరుదుగా రక్తస్రావం, రంధ్రం పడటం జరగొచ్చు.

చేరకముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. మీకు రాసిన చికిత్స ఆరోగ్యశ్రీ ప్యాకేజీలో ఉందా, ముందస్తు అనుమతి వచ్చిందా అని అడగండి. ఆ జవాబు రాకముందే అప్పు చేసి డబ్బు కట్టకండి. వాంతులు ఆగక నీరసించిపోతే మాత్రం కాగితాల కోసం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. సందేహాలకు 104.